సూరిబాబు గారి షెడ్డు సర్దిన వైనం

మండవల్లి దగ్గర మూడెకరాల చెరువులో పది నెలలు మేత తిని పెరిగిన చేపలన్నిటినీ ఒక్క పూటలో చంపబోయిన మనిషి గురించి మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషి నీళ్ళలో విషం కలపలేదు. గట్టు తెంపలేదు. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. ఒక షెడ్డు సర్దాడు, అంతే. ఆ మనిషి నేనే.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి ఏమీ తెలియదంటారు గాని అది అన్యాయం. నాకు అన్నీ తెలుసు. తెలియని విషయం ఒక్కటైనా ఉండి ఉంటే నేను కాస్త జంకేవాణ్ణి, మీకు ఈ ఘనకార్యం చదివే భాగ్యం తప్పిపోయేది.

మాది తాడేపల్లిగూడెంలో ఇనప సామాన్ల కొట్టు. మా తాతగారి నాటిది. సర్దడంలో మా ఇంటికి పేరుంది. మేకులన్నీ ఒకచోట, గొళ్ళేలన్నీ ఒకచోట, చిన్నవి కింద, పెద్దవి పైన, గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఏదైనా ఇట్టే కనబడాలి. నేను పుట్టినప్పుడు మా నాన్నగారు నన్ను ఎత్తుకుని, ఏ అరలో పెట్టాలా అని ఒక్క క్షణమైనా ఆలోచించే ఉంటారు.

ఒకరోజు ఆయన నన్ను పిలిచారు.

"ఏరా, చెరువుల వాళ్ళంతా ఏరేటరు పార్టులు అడుగుతున్నారు. ఏది ఎందుకు పోతుందో మనకు తెలియకపోతే ఏం తెప్పించి పెడతాం? రెండు నెలలు మండవల్లిలో సూరిబాబు గారి షెడ్డులో కూర్చో. ఆయన చెయ్యి పడని ఏరేటరు ఆ చుట్టుపక్కల లేదు."

"కూర్చుని ఏం చెయ్యాలండీ?"

"చూడు."

"చూసి?"

"చూసి ఊరుకో. ఏదీ ముట్టుకోకు."

మా నాన్నగారు జీవితంలో నాకు చెప్పిన అతి ముఖ్యమైన మాట అదే. నేను దాన్ని బస్సెక్కేలోపే మరిచిపోయాను.

చెరువులు ఎరగని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ఏరేటరంటే చెరువులో తేలుతూ, రెక్కల చక్రాలతో నీళ్ళను చిమ్మే యంత్రం. మబ్బు పట్టి, గాలి ఆగి, ఉక్కపోసే రోజున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు చేపలు ఆ చక్రాల పుణ్యాన బతకాలి. అవి ఆగిపోతే గంటల్లో చేపలన్నీ పైకి తేలతాయి, ఇంకాస్త ఆలస్యమైతే వెల్లకిలా తేలతాయి. అందుకే ఆ ప్రాంతంలో సూరిబాబు గారంటే డాక్టరు కంటే ఎక్కువ గౌరవం.

అరవై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు బోల్టులు. మా నాన్నగారి మీద ఉన్న మర్యాద కొద్దీ నన్ను "అబ్బాయిగారూ" అనేవారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. కోపం వస్తే 'అండి'లు పెరుగుతాయి. మామూలు రోజున వాక్యానికి ఒకటి. చిరాకు పుడితే రెండు. మూడు దాటాయంటే ఎదటి మనిషి సర్దుకుని బయటికి నడవడం మంచిదని ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న మంగమ్మ గారు నాకు మొదటి రోజే చెప్పారు.

ఇక ఆ షెడ్డు. ఏమని చెప్పను! గోడకు ఒక్క మేకు లేదు. స్పానర్లు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్ళు అన్నీ నేల మీదే. అవైనా ఒకచోట ఉన్నాయా? ఒక చిరిగిన బడి సంచిలో కొన్ని, మూత పోయిన క్యారేజీ గిన్నెల్లో కొన్ని, ఓ పాలక్యానులో కొన్ని, అంచు విరిగిన పసుపుపచ్చ బకెట్టులో ఇంకొన్ని. పది-పదకొండు సైజు స్పానరు సంచిలో ఒకటి, బకెట్టులో ఒకటి. సుత్తులు నాలుగుంటే నాలుగు చోట్ల నాలుగు. ఈ అరాచకం మధ్యలో సూరిబాబు గారు ఓ పీట వేసుకుని కూర్చుని, చేసే పని మీదనుంచి చూపు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపేవారు. కావలసింది చేతిలోకి వచ్చేది.

"బాబాయిగారూ, ఇందులో మీకు ఏది ఎక్కడుందో ఎలా వెతుక్కుంటారండీ?" అని అడిగాను.

"వెతకనండి," అన్నారు ఆయన.

తెలివైనవాడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. నేను జాలిపడ్డాను. పాపం, ముసలాయన, సర్దిపెట్టే దిక్కులేక ఇలా అలవాటు పడిపోయాడు, దేవుడు నన్ను అందుకే ఇక్కడికి పంపాడు అనుకున్నాను.

అప్పట్లో నేను ఫోనులో వీడియోలు తెగ చూసేవాణ్ణి. ఏదో దేశంలో ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దంలా మెరిసే షెడ్డులో నిలబడి, గోడకున్న పెద్ద బోర్డు చూపిస్తాడు. బోర్డు నిండా పనిముట్లు. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం గీత గీసి ఉంటుంది. ఏది తీసినా గీత మిగులుతుంది కాబట్టి ఏది లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నేను ఆ వీడియో పదహారు సార్లు చూశాను. ఆ షెడ్డులో ఆయన పని చేయగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి నాకు చాలా కాలం తట్టలేదు.

అవకాశం దానంతట అదే వచ్చింది. సూరిబాబు గారి బంధువుల ఇంట్లో పెళ్ళి, గుండుగొలనులో. రెండు రోజులు వెళ్ళాలి.

"అబ్బాయిగారూ, ఎవరైనా వస్తే ఎల్లుండి వస్తానని చెప్పండి. షెడ్డు కాస్త చూస్తూ ఉండండి, చాలండి," అని ఆయన బస్సెక్కారు.

బస్సు మలుపు తిరిగేలోపే నేను చొక్కా చేతులు మడిచాను.

ఏలూరు వెళ్ళి ప్లైవుడ్డు పలక తెచ్చాను, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నీలం రంగు వేశాను. ఆరాక ఒక్కొక్క పనిముట్టునూ దాని మీద పడుకోబెట్టి చుట్టూ పసుపుపచ్చ గీత గీశాను. సంచి బోర్లించాను, క్యారేజీ బోర్లించాను, క్యాను, బకెట్టు అన్నీ బోర్లించి, కిరసనాయిలుతో కడిగి, మా కొట్టు పద్ధతిలో జాతులవారీగా విడదీశాను. స్పానర్లన్నీ ఒక వరస, చిన్న నుంచి పెద్దకు. స్క్రూడ్రైవర్లన్నీ ఒక వరస. నాలుగు సుత్తులూ అన్నదమ్ముల్లా పక్కపక్కన.

మంగమ్మ గారు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశారు.

"బాబుగారూ, ఆయన్ని అడిగారా అండీ?"

"ఆయన వచ్చాక చూసి ఆశ్చర్యపోవాలండీ."

"ఆశ్చర్యపోతారులెండి. ఆ పసుపు బకెట్టు ఒక్కటీ వదిలెయ్యండి బాబూ. ఎవరైనా ఫోను చేస్తే ఆయన అది పట్టుకునే పరిగెడతారు."

"ఇంక పరిగెత్తక్కర్లేదండీ. అన్నీ కళ్ళెదుటే ఉంటాయి కదా," అని, అంచు విరిగిన ఆ బకెట్టును ఆవిడకే బహూకరించాను, వాడేసిన టీ పొడి పోసుకోవడానికి. బడి సంచి, క్యారేజీ, పాలక్యాను పాత సామాన్ల బండికి ఇచ్చేశాను.

బోర్డు గోడకు బిగించాక నేను నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెబుతున్నాను, తిరిగాయి. కొంత కిరసనాయిలు వల్ల, కొంత గర్వం వల్ల.

మూడో రోజు పొద్దున్నే సూరిబాబు గారు వచ్చారు. చెప్పులు విడిచి లోపల కాలు పెట్టి, పెట్టిన కాలు తీసుకోవడం మరిచిపోయి అలా నిలబడిపోయారు. నేను చేతులు కట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాను.

ఆయన బోర్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి అన్నారు. "చాలా అందంగా ఉందండి."

"థాంక్సండీ!"

"మీ కొట్టులా ఉందండి."

దానికంటే పొగడ్త ఏముంటుంది? నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆయన పీట వేసుకున్నారు. వెంకటలక్ష్మి గారని, ఊరి చివర చెరువు ఉన్నావిడ, ఆయన గుండుగొలను వెళ్ళకముందే ఒక ఏరేటరు బాగుచెయ్యడానికి పంపారు. ఆవిడకు ఉన్నవే రెండు. దాన్ని విప్పడం మొదలుపెట్టి, అలవాటు ప్రకారం చెయ్యి వెనక్కి చాపారు. చెయ్యి గాలిలో ఒకసారి తెరుచుకుంది, మూసుకుంది.

"బోర్డు మీదండీ, బాబాయిగారూ!"

ఆయన లేచారు. ఏడడుగులు నడిచారు. స్పానర్ల వరస ముందు నిలబడి, ముక్కు దాదాపు వాటికి ఆనించి, ఒకటి తీసుకున్నారు. ఏడడుగులు వెనక్కి వచ్చి కూర్చున్నారు. అది సరిపోలేదు. మళ్ళీ లేచారు.

"ఆగండాగండి! ముందు తీసింది దాని గీతలో పెట్టి, అప్పుడు రెండోది తీసుకోవాలండీ."

"రెండూ కావాలండి, ఒకటి కిందా, ఒకటి పైనా పట్టుకోవాలండి."

"అయితే సరేనండీ. కానీ అయిపోగానే పెట్టెయ్యాలి."

అలా నేను ఒక అరవై ఏళ్ళ పనివాడికి ఆయన షెడ్డులోనే కవాతు నేర్పాను. మధ్యాహ్నానికి ఆయన మోకాళ్ళు పట్టుకున్నారు. గంటలో అయ్యే పని సాయంత్రానికి సగమైంది. మర్నాడు ఇంకో పావు. మధ్యలో నేను హెడ్మాస్టరులా చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, ఏ గీత ఖాళీగా ఉందో గుర్తుచేస్తూ ఉన్నాను.

"అబ్బాయిగారూ, రెండు మాత్రం కింద పెట్టుకుంటానండి, నాకు కాస్త వీలుగా ఉంటుందండి," అన్నారాయన. రెండు 'అండి'లు. నేను లెక్కపెట్టలేదు.

"మొదట్లో ఏ పద్ధతైనా కష్టంగానే ఉంటుందండీ. ఒక్క వారం పట్టుదలగా చేశామంటే, ఇక జీవితాంతం సుఖమే."

నా పట్టుదల గురించి చెప్పాలంటే, ఆ రోజుల్లో దాన్ని గోడకు బిగించి ఉంటే ఏ స్క్రూడ్రైవరుతోనూ ఊడి వచ్చేది కాదు. ఆయన నా ముఖం చూశారు, బోర్డు చూశారు. "మీరు ఇంత కష్టపడ్డారు, చూద్దామండి," అని లేచి మళ్ళీ నడిచారు. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఆయన తిరిగొచ్చిన మూడో రోజు పొద్దున సూర్యుడు రాలేదు. ఆకాశమంతా ఒకటే మబ్బు, ఆకు కదలడం లేదు. తొమ్మిదిన్నరకు ఆయన ఫోను మోగింది. వెంకటలక్ష్మి గారు. ఆవిడ గొంతు ఫోను బయటికి కూడా వినిపిస్తోంది.

"సూరిబాబు గారూ, చేపలు తేలిపోతున్నాయండీ! మోటారు తిరుగుతోంది గాని చక్రాలు తిరగడం లేదండీ! ఎల్లుండే చేపల పట్టుబడి, లారీకి కూడా చెప్పేశానండీ!"

"కప్లింగు బోల్టు తెగిందమ్మా. స్విచ్చి కట్టెయ్యండి. గట్టు మీద ఎవరుంటే వాళ్ళని దింపి, గాలి కలిసేలా నీళ్ళు కొట్టించండి. వస్తున్నాను, పది నిమిషాల పనేనండి."

"రెండోది అయిపోయిందా అండీ? అదైనా తెచ్చి వేస్తారా?"

ఆయన ఒకసారి నేల మీదకు చూశారు. రెండో ఏరేటరు ముక్కలు ముక్కలుగా పడి ఉంది. నా పద్ధతి లేకపోతే అది మొన్న మధ్యాహ్నమే చెరువులో తిరుగుతూ ఉండేది.

"అవలేదమ్మా," అని ఆయన ఫోను పెట్టేసి లేచారు. లేస్తూనే కుడిచెయ్యి కిందికి, పక్కకు వెళ్ళింది. అక్కడ బకెట్టు లేదు.

"నా బకెట్టేదండి?"

"అందులోవన్నీ బోర్డు మీద ఉన్నాయండీ. ఏమేం కావాలో చెప్పండి, ఒక్క నిమిషంలో తీసిస్తాను."

"ఏమేం ఉండేవో నాకు తెలియదండి."

"తెలియకపోవడమేమిటండీ? మీ పనిముట్లే కదా?"

"చెరువు మీదకెళ్ళినప్పుడల్లా ఏది అవసరమైతే అది అందులో పడిందండి. పాతికేళ్ళ నుంచి పడుతూ వచ్చిందండి. పట్టుకుని వెళ్ళడమేనండి, ఎప్పుడూ చూసుకోలేదండి."

నాలుగు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. అప్పుడు అర్థమైంది నాకు. అది అరాచకం కాదు. సంచి గేరుబాక్సు పనికి, క్యారేజీ కరెంటు పనికి, క్యాను పంపులకు, బకెట్టు చెరువు మీదకు. ఏ పనికి కావలసినవి ఆ పనితో ఉన్నాయి. అందుకే ఒకే సైజు స్పానరు రెండు చోట్ల ఉంది. నేను ఆ పనులన్నిటినీ విడగొట్టి, అమ్మకానికి పెట్టినట్టు వరసలు పేర్చాను. చాలా సిగ్గేసింది. కానీ సిగ్గేసినప్పుడు నోరు మూసుకునే రకమైతే నేను నేనెందుకవుతాను?

"బోర్డే తీసుకెళ్దామండీ!" అన్నాను.

"ఏమిటండి?"

"బోర్డు మొత్తం! అన్నీ దానిమీదే ఉన్నాయి కదా. ఏదీ మరిచిపోయే సమస్యే లేదు."

ఆయన ఏమనేవారో తెలియదు. నేనప్పటికే స్క్రూలు విప్పుతున్నాను. విప్పడానికి వాడిన స్క్రూడ్రైవరును తిరిగి దాని గీతలో పెట్టాను కూడా.

మంగమ్మ గారు కేకేసి ఒక ట్రాలీ ఆటోను ఆపారు. వెనక బోర్డును నిలువుగా నిలబెట్టి నేను కౌగలించుకున్నాను. సూరిబాబు గారు పక్కన కూర్చుని, చెయ్యి జేబు మీద వేసుకున్నారు. జేబులో, మోటారును చక్రాలకు కలిపే కప్లింగు బోల్టు కొత్తది ఉంది, దేవుడి దయవల్ల నేను జేబులు సర్దలేదు. చెరువు గట్ల మీది దారి సంగతి మీకు తెలుసు కదా. గుంటకొకసారి ఆటో ఎగిరేది, ఎగిరినప్పుడల్లా ఏదో ఒకటి ఊడి రోడ్డు మీద పడేది.

"ఆపండాపండి! ఎనిమిది-తొమ్మిది స్పానరు పడిపోయింది!"

నేను దూకి, తెచ్చి, గీత వెతికి తగిలించేవాణ్ణి.

"అబ్బాయిగారూ, చేత్తో పట్టుకోండి చాలండి. తగిలించక్కర్లేదండి."

"లేదండీ, మళ్ళీ కలిసిపోతాయి."

ఎదురుగా సైకిలు మీద వస్తున్న పెద్దాయన ఒకాయన దిగి నిలబడి, "ఎక్కడండీ ఎగ్జిబిషను?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

చెరువు దగ్గర ఆటో దిగాం. నీళ్ళ మీద వందల నోళ్ళు. తెరుచుకుంటూ, మూసుకుంటూ, ఆ చివర నుంచి ఈ చివర దాకా నోళ్ళే. వెంకటలక్ష్మి గారు చీర ఎగదోపుకుని నడుం లోతు నీళ్ళలో నిలబడి చేటతో నీళ్ళు కొడుతున్నారు. జుట్టంతా తడిసి ముఖం మీద పడింది. ఏడుస్తున్నారో, నీళ్ళో తెలియలేదు. పది నెలలు పొద్దున్నే లేచి ఆవిడే మేత వేసేవారట. ఇల్లు గడిచేది ఆ చెరువు మీదే. ఇదంతా ఎల్లుండికి గట్టెక్కాలి.

ఆవిడ మమ్మల్ని చూసి ఒక్క క్షణం చేట ఆపారు.

"సూరిబాబు గారూ, వచ్చారా... అదేమిటండీ? ఫ్లెక్సీ తెచ్చారా?"

"పనిముట్లమ్మా," అన్నారాయన చాలా నీరసంగా.

ఏరేటరు గట్టుకు ముప్ఫై గజాల దూరంలో తేలుతోంది. తాటి దోనె మీద వెళ్ళాలి. దోనెంటే తాటి మొద్దు తొలిచి చేసింది, దానిలో తుమ్మినా ఒరుగుతుంది. బోర్డును అడ్డంగా వేశాం. సూరిబాబు గారు ముందు, నేను వెనక. మెల్లిగా గెడ వేసుకుంటూ ఏరేటరు పక్కకు చేరాం. ఆయన రేకు మూత మీద చెయ్యి వేసి, వంగి చూస్తూ, రెండో చెయ్యి వెనక్కి చాపారు.

"పదమూడు ఇవ్వండి," అన్నారు.

ఇవ్వచ్చు కదా? చేతికి అందేంత దూరంలో ఉంది. కానీ బోర్డు పడుకుని ఉంటే ఆయనకు కనబడడం లేదు. కనబడడమే కదా బోర్డు ఉద్దేశం! రెండు నిమిషాల్లో ఆయనే ఎంచుకుని తీసుకుంటారు, నా పద్ధతి గొప్పదనం చివరి క్షణంలోనైనా తెలిసివస్తుంది.

"ఒక్క క్షణం బాబాయిగారూ, నిలబెడతాను, మీకే కనబడుతుంది," అని నేను లేచి నిలబడి బోర్డును పైకెత్తాను.

దోనె ఎంతో శాంతంగా ఒరిగింది. నేను ఒకవైపు, ఆయన ఒకవైపు, మధ్యలో పనిముట్లన్నీ వరసలు తప్పకుండా, చిన్న నుంచి పెద్దకు, బుడుంగుమంటూ చెరువులోకి దిగిపోయాయి. నేను తల పైకెత్తేసరికి నీళ్ళ మీద నీలం బోర్డు ఒక్కటే తేలుతోంది. దానిమీద పసుపుపచ్చ గీతలు చెక్కు చెదరలేదు. ఏది లేదో ఒక్క చూపులో తెలిసిపోతోంది.

ఛాతీ లోతు నీళ్ళలో సూరిబాబు గారు నిలబడ్డారు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన నా వైపు తిరిగారు. నేను కళ్ళు మూసుకుని 'అండి'ల కోసం ఎదురుచూశాను. ఎన్ని వస్తే అన్నీ నావే అనుకున్నాను.

"ఆ పలక తీసుకో," అన్నారు ఆయన. "నీళ్ళు కొట్టు. నేను చెప్పేదాకా ఆపకు."

ఒక్క 'అండి' లేదు! అంతకు ముందు గాని తరవాత గాని ఆయన నన్ను ఏకవచనంలో పిలవడం నేను వినలేదు. బోర్డు అందుకున్నాను, కొట్టడం మొదలుపెట్టాను.

నా జీవితంలో నేను ఏ పనీ అంత మనసు పెట్టి చెయ్యలేదు. ఆరడుగుల పలకను ఎత్తడం, పడెయ్యడం, ఎత్తడం, పడెయ్యడం. భుజాలు పీకాయి, అరచేతుల్లో పొక్కులు లేచి చితికాయి, కళ్ళలోకి, నోట్లోకి ఆ చెరువు నీళ్ళే. నా చుట్టూ చేపలు మూగాయి. అన్నీ నోళ్ళు తెరిచి నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. 'ఇంకాస్త ఓపిక పట్టండమ్మా, ఇంకాస్త' అని వాటితో మాట్లాడానట, వెంకటలక్ష్మి గారు తరవాత అందరికీ చెప్పారు. మాట్లాడే ఉంటాను. ఆ పూట అవి చస్తే నేనూ అక్కడే మునగాలని నిర్ణయించుకున్నాను.

మధ్యమధ్య సూరిబాబు గారిని చూస్తూనే ఉన్నాను. ఆయన ఏరేటరు పట్టుకుని నిలబడి, చూపు ఎటో పెట్టి, కాలితో బురదలో తడుముతున్నారు. కాసేపటికి మునిగి ఒకటి తీశారు. "పదమూడు," అన్నారు. మళ్ళీ కాలు తిరిగింది. "ఇది సుత్తి, వద్దు." మళ్ళీ తిరిగింది. "ఇది ఆకురాయి." చివరికి రెండో స్పానరు, ఒక స్క్రూడ్రైవరు. కళ్ళెదుట వరసగా వేలాడదీస్తే ముక్కు ఆనించి వెతుక్కున్న మనిషి, మోకాలి లోతు బురదలో పాదంతో సైజు చెప్పారు!

మూత విప్పారు, తెగిన బోల్టు లాగారు, జేబులోంచి కొత్తది తీసి బిగించారు. ఆయన ఫోనులో చెప్పినట్టు పది నిమిషాల పనే.

"పక్కకు జరగండి. వెయ్యండమ్మా స్విచ్చి!"

చక్రాలు కదిలాయి, వేగం అందుకున్నాయి, తెల్లగా నీళ్ళు లేచాయి. చేపలన్నీ అటు మళ్ళాయి. గంట గడిచాక నోళ్ళు ఒక్కొక్కటీ మూసుకుని కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఓ గంపెడు పోయాయి, అబద్ధమెందుకు. మిగిలినవన్నీ బతికాయి. వెంకటలక్ష్మి గారు గట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు గట్టిగా ఏడ్చారు. నేను నీళ్ళలోనే ఏడ్చాను, ఎవరికీ కనబడలేదు.

నన్ను ఎవరూ ఆపమనలేదు కాబట్టి అప్పటికీ కొడుతూనే ఉన్నాను.

"అబ్బాయిగారూ, ఇంక చాలండి," అన్నారు సూరిబాబు గారు.

మర్నాడు పొద్దున్నే బోర్డు లేకుండా షెడ్డుకు వెళ్ళాను. ముందురోజు సాయంత్రం దాకా బురదలో వెతికి తెచ్చిన పనిముట్లన్నీ గుమ్మం దగ్గర కుప్పగా ఉన్నాయి.

"క్షమించండి బాబాయిగారూ. ఏ పనికి ఏవో చెప్పండి, మళ్ళీ అలాగే పెడతాను."

"చెప్పడం నాకు రాదండి. మీరు నా వెనక కూర్చోండి. నేను పని చేసుకుంటూ చెయ్యి చాపుతాను. అది ఎక్కడ ఆగితే అక్కడ పెట్టండి."

వారం రోజులు అదే పని చేశాను. ఆయన చెయ్యి చాపేవారు, ఆగేది, అక్కడ పెట్టేవాణ్ణి. తప్పు పెడితే చెయ్యి ఊరికే తెరుచుకుని ఉండేది. వారం చివరికి, వేరే సంచీ గిన్నెలతోనూ మంగమ్మ గారు తిరిగిచ్చిన బకెట్టుతోనూ, ఆ నేల నేను మొదట చూసినట్టే అయింది, చీపురు పెట్టడానికి కూడా చోటు లేకుండా. నేను మా నాన్నగారికి చెప్పి, కొట్టులో ఏరేటరు పార్టుల్ని రకాలవారీగా కాక ఏ రిపేరుకు కావలసినవి ఆ రిపేరుకు మూట కట్టించాను. అవి ఇప్పటికీ బాగానే అమ్ముడవుతున్నాయి.

కథ అక్కడ ముగిస్తే నా పరువు కొంతైనా మిగిలేది. కానీ పట్టుబడి బాగా జరిగాక వెంకటలక్ష్మి గారు తాడేపల్లిగూడెం వచ్చి, కొట్టు నిండా జనం ఉండగా, మా నాన్నగారితో చేతులు జోడించి చెప్పారు.

"ఏవండీ, మీ అబ్బాయిగారు మాకు చేసిన ఉపకారం మరిచిపోలేమండీ. ఏరేటరు బాగయ్యేదాకా దాని బదులు ఆయనే తిరిగారండీ."

మా నాన్నగారు నా వైపు చూశారు. అరల వైపు చూశారు. ఆ చూపులో నన్ను ఏ వరసలో పెట్టాలో ఆయనకు చివరికి తేలిపోయింది.

ఆ మాట మండవల్లి దాకా, అక్కణ్ణుంచి చుట్టుపక్కల చెరువులన్నిటికీ పాకింది. ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. నాకు పెళ్ళయింది, కొట్టు బాధ్యత నాదే, ఊళ్ళో నలుగురూ నన్ను పెద్దమనిషంటున్నారు. అయినా ఆకాశంలో మబ్బు పట్టి, ఎక్కడో కరెంటు పోయిందంటే చాలు, ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "అబ్బాయిగారూ, ఖాళీగా ఉన్నారా అండీ? ఒక్క గంటండీ. పలక మా దగ్గరే ఉందండీ." కాదనడానికి నాకు నోరు రాదు. ఆ నోళ్ళన్నీ గుర్తొస్తాయి.

అందుచేత, ఇంతవరకూ చదివిన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉండగా, ఇంకొకరి పనిముట్టు ఎంత వంకరగా పడి ఉన్నా తిన్నగా పెట్టను. ఎవరి బకెట్టూ బోర్లించను. ఎవరి సంచీ దులపను. ఎవరి గోడకూ మేకు కొట్టను, కొట్టమని సలహా కూడా ఇవ్వను. ఈ మాట తప్పితే నన్ను ఏ చెరువులో నిలబెట్టినా సరే, ఏ రోజు దాకా నిలబెట్టినా సరే.

ఇంక ఉంటానండి. బయట మబ్బు కమ్ముతోంది, ఫోను మోగుతోంది, చెరువులోకి దిగే లుంగీ ఎక్కడ పెట్టానో కనబడడం లేదు.